బొమ్మ మీద చెయ్యి పెడితే ఆగిపోయిన చదువు

ఒక కేసు వివరాలు: ఎనిమిదేళ్ల తెలుగు పిల్లవాడు, బెంగళూరు, ఇరవై నాలుగు వారాలు

చిన్ను అని పిలుద్దాం. అసలు పేరు వేరు. మూడో తరగతి. తల్లిదండ్రులది మదనపల్లె వైపు. తండ్రికి వైట్‌ఫీల్డ్‌లో, తల్లికి మారతహళ్లిలో ఉద్యోగం. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాధ్యమం, రెండో భాష కన్నడ, మూడోది హిందీ. సాయంత్రం అపార్ట్‌మెంట్ కింద తోటి పిల్లలతో మాట్లాడేది మాత్రం ఈ నాలుగూ కలిసిన ఒక ఐదో భాష.

చదవడంలో వెనకబడిన పిల్లలకు నేను విడిగా పాఠాలు చెబుతాను. జూన్ రెండో వారంలో తల్లి వాణ్ని కె.ఆర్. పురంలోని నా గదికి తీసుకొచ్చారు. ‘తెలివైనవాడే గానీ శ్రద్ధ లేదు’ అని బడివాళ్లు రాసిచ్చిన కాగితం చేతిలో ఉంది. శ్రద్ధ లేదన్న మాట కనిపిస్తే నాకు అనుమానం మొదలవుతుంది. చదవడం రాని పిల్లలు నా దగ్గరికి ఎక్కువగా ఈ మాట వెనక దాక్కునే వస్తారు.

“చదువుతాడండీ, చూడండి” అంటూ ఆవిడ ఒక బొమ్మల పుస్తకం తెరిచారు. పన్నెండు పుటలు, పుటకో ఇంగ్లీషు వాక్యం. చిన్ను గడగడా చదివాడు. గొంతులో ఎత్తుపల్లాలతో, ఆశ్చర్యార్థకం దగ్గర కళ్లు పెద్దవి చేసి మరీ చదివాడు. ఒక్కచోట మాత్రం పుట తిప్పకముందే ఆ పుటలోని వాక్యం చెప్పేశాడు. నేను వెనక్కి తిప్పి, ఏదో ఒక పుట తీసి, బొమ్మ మీద చెయ్యి పెట్టాను. చదువు ఆగిపోయింది. వాడు అక్షరాల వైపు కాదు, నా ముఖం వైపు చూశాడు. అక్కడేమైనా సమాధానం రాసి ఉందేమోనని.

మొదటి వారంలో చూసినవి

అదే పుస్తకంలోని ఇరవై మాటలను విడివిడిగా చీటీల మీద రాసి ఇస్తే ఏడు చదివాడు. కొత్త పుస్తకం ఇస్తే, గుర్రం బొమ్మ పక్కన ‘పోనీ’ (పొట్టి గుర్రానికి ఇంగ్లీషు మాట) అని ఉన్నచోట ‘హార్స్’ అన్నాడు. ‘హోమ్’ను ‘హౌస్’ అన్నాడు. రెండింటికీ మొదట హెచ్ ఉంది, బొమ్మలో ఇల్లు ఉంది. అంతకు మించి వాడికి ఏమీ అవసరం పడలేదు.

తర్వాత అర్థం లేని పది మాటలు ఇచ్చాను. ఇలాంటి మాటలను బట్టీ పట్టడానికి వీలుండదు, బొమ్మ గీయడానికి అంతకన్నా వీలుండదు. ఇంగ్లండ్‌లో 2012 నుంచి ఒకటో తరగతి పిల్లలకు ఏటా పెట్టే పరీక్షలో నలభై మాటలుంటే అందులో సగం ఇటువంటివే. నేను ఇచ్చిన ‘టిగ్’ను చిన్ను ‘టైగర్’ అన్నాడు. ‘వెప్’ను ‘వెబ్’ అన్నాడు. పదింటిలో సరిగ్గా వచ్చింది ఒక్కటి. రెండో తరగతి స్థాయి పాఠంలో నిమిషానికి పందొమ్మిది మాటలు సరిగ్గా చదివాడు.

తెలుగు సంగతి మరీ విచిత్రం. తాతయ్య నేర్పిన గుణింతాలు తప్పు లేకుండా అప్పజెప్పాడు. కానీ ‘కొ’ ఒక్కటీ రాసి చూపిస్తే పెదవులు మెల్లగా కదిలాయి. క, కా, కి, కీ అంటూ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి ‘కొ’ దగ్గర ఆగాడు. మెట్లు ఎక్కితే తప్ప మేడ ఎక్కడుందో తెలియదు. ఇక కన్నడ నోట్సు చూస్తే అచ్చుగుద్దినట్టున్న దస్తూరి, ప్రతి పుటలోనూ ఎర్ర సిరా నక్షత్రం. అందులో ఒక్క వరుస చదవమంటే రాలేదు. చూసి రాయడం వేరు, చదవడం వేరు అని ఆ నక్షత్రాలు వేసిన చేతికి ఎవరూ చెప్పినట్టు లేదు.

కళ్లు, చెవులు పరీక్ష చేయించాం, లోపం లేదు. డిస్లెక్సియానా, అంటే చదవడం నేర్చుకోవడంలోనే ఇబ్బంది పెట్టే లోపమా అని తండ్రి ఫోనులో నెమ్మదిగా అడిగారు. నిర్ధారించే అర్హత నాకు లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన వాటిలో డిస్లెక్సియా వంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి. ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో వెసులుబాట్లూ ఉంటాయి. అయితే సరిగ్గా నేర్పకుండానే, ఇంట్లో మాట్లాడని భాషలో పరీక్షించి పిల్లవాడికి పేరు పెట్టడం నాకు ఇష్టం ఉండదు. పన్నెండు వారాలు క్రమపద్ధతిలో నేర్పుదాం, కదలిక లేకపోతే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి నేనే పంపిస్తాను అన్నాను. ఒప్పుకున్నారు.

పోనీ, హార్స్, పాత తగాదా

చిన్ను చేసిన ఆ తప్పు మీద పెద్ద చరిత్రే ఉంది. 1967లో అమెరికాలో కెనెత్ గుడ్‌మన్ చదవడాన్ని ఊహల ఆటగా వర్ణించారు. మంచి పాఠకుడు ప్రతి అక్షరాన్నీ పట్టుకుని వేలాడడు, సందర్భాన్ని బట్టి ముందుకు ఊహిస్తూ పోతాడు అన్నది ఆయన వాదం. ఆ లెక్కన పోనీని హార్స్ అనడం పెద్ద తప్పు కాదు, అర్థం చెడలేదు కదా. సరిగ్గా అదే ఏడాది హార్వర్డ్‌లో జీన్ చాల్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ వడగట్టి, మొదట్లో అక్షరానికీ శబ్దానికీ ఉన్న లంకెను నేర్పిన పిల్లలే మెరుగ్గా చదువుతున్నారని తేల్చారు. తేలినా తగాదా ఆగలేదు. 2000లో అమెరికా జాతీయ పఠన మండలి, 2006లో ఇంగ్లండ్‌లో జిమ్ రోజ్ సమీక్ష కూడా ఫోనిక్స్ వైపే, అంటే అక్షరాల శబ్దాలు నేర్పి కలిపి చదివించే పద్ధతి వైపే మొగ్గాయి. అయినా ‘బొమ్మ చూడు, మొదటి అక్షరం చూడు, ఏమై ఉంటుందో ఊహించు’ అనే గోడపటం ఇప్పటికీ తరగతి గదుల్లో కనిపిస్తుంది. చిన్ను తరగతి గోడ మీద కూడా ఉంది.

ఆ ఊహతో మొదటి రెండేళ్లు పని జరిగిపోతుంది. ఎందుకంటే ఆ వయసు పుస్తకాల్లో బొమ్మ పెద్దది, మాటలు తక్కువ, అవే మళ్లీమళ్లీ వస్తాయి. మూడో తరగతికి బొమ్మ చిన్నదవుతుంది, పేరా పెరుగుతుంది. అప్పుడు పిల్లవాడు హఠాత్తుగా ‘శ్రద్ధ లేనివాడు’ అయిపోతాడు.

ఇప్పుడు బెంగళూరులో ఏ అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు చూసినా ఫోనిక్స్ క్లాసుల ప్రకటన ఒకటి ఉంటుంది. చిన్ను తల్లి కూడా నన్ను మొదట అడిగింది అదే: “మీరు ఫోనిక్సేనా?” అవునన్నాను. కాస్త గర్వంగానే అన్నాను.

నా పొరపాటు

మొదటి మూడు వారాలు ఇంగ్లండ్ పద్ధతిని ఉన్నదున్నట్టు దించాను. ఎస్, ఏ, టి, పి, ఐ, ఎన్. ఈ ఆరింటితో మొదలుపెట్టి, వాటి పేర్లు కాకుండా శబ్దాలు నేర్పి, వెంటనే కలిపి చదివించడం. శబ్దాలు వారంలో వచ్చేశాయి. కలపడమే రాలేదు. ఎస్, ఏ, టి చూపిస్తే “స... ఆ... ట...” అని, తర్వాత ఎంతో ఆలోచించి “సాట” అనేవాడు. పి, ఐ, ఎన్ చూపిస్తే “పైన” అనేవాడు, పైకి చూసి. నవ్వు ఆపుకోవడం నాకు కష్టమైంది గానీ వాడికి నవ్వు రాలేదు.

ఊహించడం పూర్తిగా మానాలని ఒక నియమం కూడా పెట్టాను. ఫలితంగా రెండు రోజులు నోరే తెరవలేదు. ముందు వారమే వాళ్ల క్లాసు టీచరు నాతో ఒక మాట అన్నారు: “ఊహించవద్దంటే మా పిల్లలు మాట్లాడరండీ.” నలభైమందికి పైగా ఉన్న తరగతి ఆవిడది. అప్పుడు లోపల్లోపల విసుక్కున్నాను. చిన్ను మౌనం చూశాక ఆవిడ మాట గుర్తొచ్చి సిగ్గనిపించింది. ఉన్న ఒక్క చేతికర్ర లాగేసుకుని, నడువు అన్నట్టుంది నేను చేసిన పని.

మాటలోని శబ్దాలు విడదీయడం వచ్చా అని చూడటానికి ‘మేక’లో ఎన్ని శబ్దాలున్నాయి అని అడిగాను. “రెండు” అన్నాడు. నా దగ్గరున్న పట్టిక ప్రకారం జవాబు నాలుగు: మ్, ఏ, క్, అ. తప్పు కింద గుర్తు పెట్టి, ‘ధ్వని జ్ఞానం లోపించింది’ అని రాశాను. ఆ వాక్యాన్ని తర్వాత కొట్టేయాల్సి వచ్చింది.

ఏ తెలుగు పిల్లవాణ్ని అడిగినా మేకలో రెండే అంటాడు. మన లిపి అలా చెబుతుంది: ‘మే’ ఒకటి, ‘క’ ఒకటి. క అని రాస్తే అందులో అకారం కలిసే ఉంటుంది. అందుకే ఇంగ్లీషు టి శబ్దం నేను ఎంత పొట్టిగా పలికినా వాడి చెవిలో అది ‘ట’గానే దిగుతోంది. దీని మీద బెంగళూరులోనే పని జరిగింది. కన్నడ పిల్లల మీద సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధనలో రెండు విషయాలు తేలాయి. కన్నడ అక్షరాల సముదాయం మొత్తం పట్టుబడటానికి నాలుగో తరగతి దాకా పడుతుంది. అక్షరం లోపలి ధ్వనులను విడదీసే శక్తి నెమ్మదిగా వస్తుంది. ఈ వ్యాసం నేను ఏనాడో చదివాను. చదివి కూడా, ఎదురుగా కూర్చున్న పిల్లవాడికి ‘లోపం’ అని రాశాను.

పొల్లు

దారి చూపించింది తాతయ్య. జూలైలో మనవణ్ని దింపడానికి వచ్చి, ఎండగా ఉందని మూల కుర్చీలో కూర్చున్నారు. చిన్ను ‘స... ఆ... ట’ అంటూ అవస్థ పడుతున్నాడు. ఆయన కాసేపు చూసి ఉండబట్టలేక, “టకు పొల్లు ఏది నాయనా?” అన్నారు. నా వైపు తిరిగి, “టీచరమ్మా, ఇంగ్లీషువాళ్ల హల్లులన్నీ పొల్లులే కదా. ముందు ఆ మాట వీడికి చెప్పండి” అన్నారు.

రిటైరయిన రెవెన్యూ ఉద్యోగి ఆయన, ఉపాధ్యాయుడు కారు. ఆ ఒక్క వాక్యం కోసం నేను ఎన్ని శిక్షణ తరగతులకు డబ్బు కట్టానో తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు ఉండాలి. అందుకే ఇంగ్లీషు నుంచి వచ్చిన ప్రతి మాటకూ తోక తగిలించి బస్సు, కారు, పెన్ను చేసుకున్నాం. వాడు ఆడుకునే చోట వినే కన్నడలోనూ అది బస్సు, కారే. కాబట్టి హల్లుతో ఠక్కున ఆగిపోయే మాట వాడి చెవికే కొత్త. కానీ అచ్చు లేని హల్లుకు మన దగ్గర పేరు ఉంది, గుర్తు ఉంది. పిల్లవాడికి తెలిసిన ఆ గుర్తును వదిలేసి నేను గాలిలో శబ్దాలు విడదీస్తూ కూర్చున్నాను.

ఇంగ్లీషు పక్కన పెట్టి రెండు వారాలు తెలుగే చేశాం. అట్టముక్కల మీద క్, గ్, మ్, స్ అని పొల్లులు రాశాను. వేరే అట్టల మీద అ, ఆ, ఇ, ఈ. ‘మ్’ పక్కకు ‘ఇ’ జరిపితే ‘మి’. ‘మి’లోంచి ఇ తీసేస్తే? మొదటిసారి “మ” అన్నాడు. నోరు మూసి చూడమన్నాను. “మ్...” అని అలాగే ఉండిపోయి, ఒక్కసారిగా “ఇది పెదాల్లో ఉంది!” అన్నాడు. ఆ రోజు ఇంకేమీ చేయలేదు.

గుణింతాలను కూడా అడ్డంగా కాకుండా నిలువుగా చదివించాం. క కా కి కీ కాదు. కి, గి, చి, జి. పాట తెగింది, చూపు అక్షరం మీదికి వచ్చింది. తాతయ్యకు ఇది నచ్చలేదు. “క్రమం చెడితే గుర్తుండదమ్మా” అన్నారు. నేర్చుకోవడానికి క్రమం, పరీక్షించడానికి అక్రమం అని రాజీ కుదిరింది. రోజూ ఇరవై నిమిషాలు ఇంట్లో ఆయనే చేయించారు.

వత్తులు మరో చిక్కుముడి. ‘పుస్తకం’ను ‘పుసతకం’ అని, ‘ముష్టి’ని ‘ముషిట’ అని చదివేవాడు. తప్పులో తర్కం ఉంది: గుడి పైన ష మీద కనిపిస్తుంది, ట కింద కనిపిస్తుంది, పైనున్నది ముందు చదివాడు. అచ్చు ఎక్కడ కనిపించినా చివరే పలకాలి అన్న సూత్రం ఒకసారి పట్టుబడ్డాక చాలా ముళ్లు విడిపోయాయి. తర్వాత ఇంగ్లీషులో ఎస్, టి పక్కపక్కన వస్తే “స కింద ట వత్తు” అన్నాను. ‘స్టాప్’, ‘స్లిప్’, ‘గ్రిన్’ వంటి మాటలకు నేను అనుకున్న నెల అక్కర్లేకపోయింది. నాలుగు రోజులు చాలాయి.

ఆగస్టు మొదటి వారంలో ఇంగ్లీషుకు తిరిగి వచ్చాం, ఒక మార్పుతో. ఇంగ్లీషు పుస్తకాల్లో చిన్న మాటను మొదటి హల్లు ఒకవైపు, మిగతాది ఒకవైపుగా విడదీస్తారు. నేను గుణింతం పద్ధతిలో విడదీశాను: ‘పి’, తర్వాత ‘న్’. ‘స్యా’, తర్వాత ‘ట్’. ముందు గుణింతం, వెనక పొల్లు. అలా చేస్తే కలపడం అన్న సమస్యే చాలావరకు మాయమైంది. ఇది నా అనుభవమే. ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్న పిల్లలకు ఇదే చెయ్యమని నేను చెప్పను.

తర్వాత వచ్చిన చిక్కులు ఇంగ్లీషు సొంతవి. ఇరవై ఆరు అక్షరాలు, సుమారు నలభై నాలుగు శబ్దాలు. ఐరోపా భాషల్లో మొదటి ఏడాది చదువును పోల్చిన 2003 నాటి అధ్యయనంలో ఫిన్లండ్ పిల్లలు తెలిసిన మాటలను దాదాపు అన్నీ సరిగ్గా చదివితే, ఇంగ్లీషులో నేర్చుకుంటున్న స్కాట్లండ్ పిల్లలు మూడో వంతు దగ్గర ఆగిపోయారు. ‘క్యాప్’కు చివర ఇ చేరిస్తే ‘కేప్’ అవుతుందని చెప్పినప్పుడు తాతయ్య చాలాసేపు ఆలోచించి, “పలకని అక్షరానికి జీతం ఎందుకు?” అన్నారు.

సున్నాతో గుణిస్తే

సెప్టెంబరులో నేను మురిసిపోతున్న సమయంలో ఒక కథ ఇచ్చాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని, పుట మొత్తం ఒక్క తప్పు లేకుండా చదివాడు. ఏం జరిగింది కథలో అని అడిగాను. నవ్వాడు. ఎవరైనా ఎక్కడికైనా వెళ్లారా? మళ్లీ నవ్వాడు. గడ్డివాము, బండివాడు, మంచు... వీటి ఇంగ్లీషు మాటలు వాడు పలికాడు, అంతే.

గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో ఒక సూత్రం చెప్పారు: చదివి గ్రహించడం అంటే అక్షరాలను మాటగా విప్పడం ఇంటూ భాష అర్థం కావడం. కూడిక కాదు, గుణకారం. ఒకవైపు సున్నా ఉంటే లబ్ధం సున్నా. జూన్‌లో చిన్నుకు మొదటిది సున్నాకు దగ్గర. సెప్టెంబరుకు రెండోది బయటపడింది. ఫోనిక్స్ క్లాసుల ప్రకటనల్లో ఈ రెండో అంకె సంగతి ఉండదు. కథలు, కబుర్లు, బొమ్మలు ముఖ్యం అని అరుస్తూ వచ్చిన అవతలి వర్గం ఇక్కడ చెప్పింది నిజమే.

కాబట్టి బొమ్మలు తిరిగి వచ్చాయి, పని మారింది. చదవడానికి ముందు బొమ్మ చూసి తెలుగులో మాట్లాడుకుంటాం: మీ ఊళ్లో వాము చూశావా, ఎద్దులు ఎలా ఉంటాయి? తర్వాత బొమ్మ మూసి అక్షరాలు చదువుతాం. మాట దగ్గర ఆగితే చూపు బొమ్మ మీదికి కాదు, ఆ మాట చివరి దాకా పోవాలి. ఊహ తప్పు కాదు. ఊహించాక అక్షరాలతో సరిచూసుకోకపోవడమే తప్పు అని నియమం సవరించాను.

ఇంట్లో తెలుగే మాట్లాడండి, రాత్రి పూట తెలుగు కథ చెప్పండి అన్నప్పుడు తల్లికి నచ్చలేదు. “ఇంగ్లీషే మాట్లాడమని బడిలో చెప్పారండీ.” ఆవిడ వాడికి రెండేళ్ల వయసు నుంచి ఫ్లాష్ కార్డులు చూపించారట. నాలుగేళ్లకు నూట యాభై మాటలు చూసి చెప్పేవాడట. వీడియో ఇంకా ఫోనులో ఉంది. “అయితే నేనే పాడు చేశానా?” అని అడిగారు. లేదన్నాను, నమ్మే అన్నాను. ఆ కార్డులు చూపించిన సాయంత్రాల్లో తల్లి పక్కన కూర్చుందన్నది చిన్న విషయం కాదు. కాకపోతే కార్డులు ఎప్పటికీ చాలవు. ప్రతి మాటనూ బొమ్మలా గుర్తుపెట్టుకుంటే ఏ పిల్లవాడి బుర్రా మూడో తరగతి దాటదు. ఆ శుక్రవారం నుంచి కథ చెప్పడం తండ్రి తీసుకున్నారు. ఆయనకు తెలిసినవి రెండే కథలట, వాటినే పాత్రలు మార్చి చెబుతున్నారు.

ఇలాంటివి పల్లెటూరి సర్కారు బడుల సమస్యలని మా వైపు తల్లిదండ్రులు అనుకుంటారు. పిల్లల చదువు స్థాయిని ఇంటింటికీ వెళ్లి చూసే అసర్ సర్వేను 2024లో గ్రామీణ ప్రాంతాల్లో జరిపితే, అందులో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది 27.1 శాతం అని పేపర్లో వస్తే అయ్యో అనుకుని పుట తిప్పుతారు. ఇక్కడ ఫీజు కట్టి, నక్షత్రాలు తెచ్చుకునే పిల్లల్ని ఎవరూ అలా కూర్చోబెట్టి చదివించి చూడటం లేదు.

అనుకోనిది

ముందు కదిలింది ఇంగ్లీషు కాదు, కన్నడ. నేను ఒక్క పాఠం చెప్పలేదు. అక్టోబరులో ఒక సాయంత్రం నా గదికి వస్తూ బస్సు నుదుటి మీద ‘కాడుగోడి’ అని కన్నడలో చదివానన్నాడు. ఎలా అంటే, “గ మన గే కదా. క మాత్రం వేరే.” తెలుగు, కన్నడ లిపులు ఒకే లిపి నుంచి విడివడినవి. గ, జ, బ, మ, ల దాదాపు అవే. క, త దగ్గర తేడా వస్తుంది. తలకట్టు తీరు మారుతుంది. గుణింతం, వత్తు, పొల్లు పనిచేసే పద్ధతి ఒకటే. వాడికి లిపి కాదు, దాని యంత్రాంగం అర్థమైంది. అది అర్థమయ్యాక పక్కింటి యంత్రం కూడా నడిచింది. నవంబరు పరీక్షలో కన్నడ మార్కులు అన్నిటికన్నా ఎక్కువ పెరిగాయి. ఇంగ్లీషుకు నెలకు ఇంత అని నాకు కట్టిన ఫీజు ముందు కన్నడలో పండింది.

ఇరవై నాలుగో వారం చివర: కొత్త చీటీలు ఇరవైలో పదిహేడు. అర్థం లేని మాటలు పదికి ఎనిమిది. ‘టిగ్’ ఇప్పుడు టిగ్గే. నిమిషానికి యాభై రెండు మాటలు. ఈ వేగం ఇంకా తక్కువే. ఇంగ్లీషు స్పెల్లింగు బాగా వెనకబడి ఉంది. ‘ఫ్రెండ్’ను ఇప్పటికి నాలుగు రకాలుగా రాశాడు. కథ తెలుగులో అడిగితే చెబుతాడు, ఇంగ్లీషులో అడిగితే సగం చెబుతాడు. పన్నెండో వారంలోనే కదలిక స్పష్టంగా ఉంది కాబట్టి సైకాలజిస్టు దగ్గరికి పంపలేదు. వేగం వేసవిదాకా పెరగకపోతే పంపుతాను. ఇందులో పొల్లు పద్ధతి వాటా ఎంత, వారానికి రెండుసార్లు వాడొక్కణ్నే కూర్చోబెట్టి చెప్పడం వాటా ఎంత, రోజూ తాతయ్య పెట్టిన ఇరవై నిమిషాల వాటా ఎంత అని విడదీయడం ఒక్క పిల్లవాడితో కుదిరే పని కాదు. అడిగితే పందెం మాత్రం తాతయ్య మీదే కాస్తాను.

డిసెంబరులో ఆయన ఊరికి వెళ్లిపోయారు. చిన్ను తెలుగులో ఒక ఉత్తరం రాశాడు, తల్లి పోస్టు చేశారు. వారం తర్వాత తాతయ్య దాన్ని ఎర్ర సిరాతో దిద్ది, ఫోటో తీసి పంపించారు. చిన్ను ‘బస్’, ‘బోర్డ్’, ‘పెన్’ అని అన్నిటికీ శ్రద్ధగా పొల్లు పెట్టి రాశాడు. ఆయన మూడింటి చుట్టూ సున్నా చుట్టి పక్కన ‘బస్సు, బోర్డు, పెన్ను’ అని రాశారు. చిన్ను ఆ ఫోను నా ముందు పెట్టి, పొల్లు పెట్టమన్నది ఆయనే కదా, మళ్లీ ఇదేమిటి అన్నట్టు చూస్తూ కూర్చున్నాడు.